బ్రెడ్డు ఎవరికి?

నాకప్పుడు పదకొండేళ్లు. వికారాబాద్‌లో మా గల్లీ మూలమీద ఒక బేకరీ ఉండేది. సాయంత్రం చాయ్ వేళకు పావుకిలో టోస్టులు తేవడం నా పని. ఒకరోజు అమ్మ టోస్టులొద్దు, బ్రెడ్డు తెమ్మంది. గల్లా దగ్గర కూర్చునే పెద్దాయన బ్రెడ్డు కాగితంలో చుట్టబోతూ ఆగాడు.

“ఎవరికి బిడ్డా? బాపుకా?”

“అవును.”

“మూడు దినాల సంది జరమా?”

జ్వరమన్న మాట నా నోట రాలేదు. నేనన్నది ఒక్క బ్రెడ్డు అనే. బాపు రోజూ పొద్దున ప్యాసింజర్ ఎక్కడానికి పోతూ ఆయన దగ్గర ఒక బన్ను కొనుక్కునేవాడు. మూడు రోజులుగా ఆ బన్ను అమ్ముడుపోలేదు. ఇవాళ ఆ ఇంటి పిల్ల టోస్టులు మానేసి బ్రెడ్డు అడుగుతోంది. ఈ రెండూ కలిపి చూసుకున్నాడు, అంతే. ఆ రాత్రి దుకాణం కట్టేసి మా ఇంటికొచ్చాడు. తెల్లారి బాపును రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయింది కూడా ఆయనే. టైఫాయిడ్ అని తేలింది, బాపు బతికి బయటపడ్డాడు.

మన ఊళ్లలో చాలాకాలం బ్రెడ్డంటే జబ్బుపడ్డవాళ్ల తిండి. ఇప్పుడు శాండ్‌విచ్‌లు, బ్రెడ్ ఆమ్లెట్లు వచ్చాయి కానీ, ఆ రోజుల్లో ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరో మంచం పట్టినట్టే లెక్క. వికారాబాద్‌కు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. అనంతగిరి గుట్ట మీద క్షయ ఆసుపత్రి ఉన్న ఊరు కదా, రైలు దిగి గుట్టకు పోయేవాళ్ల చేతిసంచుల్లో పండ్లతో పాటు బ్రెడ్డు కనిపించేది. ఎవరింట్లో జ్వరమో బేకరీకి ముందు తెలిసేది, తరవాతే డాక్టరుకు. పుట్టినరోజులూ అంతే. కేకు మీద పేరు రాసే మాస్టర్‌కు ఊళ్లో పిల్లల వయసులన్నీ కంఠతా వచ్చు.

ఈ మధ్య రెండేళ్లుగా ఒక హత్య నవల రాస్తున్నాను. జరిగేది తాండూరులో, ఒక బేకరీలో. పరిశోధించేది పోలీసూ కాదు, డిటెక్టివూ కాదు. గల్లా దగ్గర కూర్చునే ఒక అక్క. ఈ వారం ఆ పని గురించే రాస్తాను.

ఇంగ్లిష్‌లో ఈ తరహా నవలల్ని కోజీ మిస్టరీలంటారు. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన మనుషులు, మధ్యలో ఒక హత్య. నెత్తురు మన కళ్లముందు పారదు. చిక్కు విప్పేది ఏ పంతులమ్మో, పుస్తకాల షాపామో, వంటామో. బేకరీలయితే వీటికి పుట్టిల్లు లాంటివి. జోఆన్ ఫ్లూక్ అనే అమెరికన్ రచయిత్రి 2000లో మొదలుపెట్టిన వరసలో హన్నా స్వెన్సన్ లేక్ ఈడెన్ అనే కల్పిత పట్నంలో కుకీల దుకాణం నడుపుతుంది. మొదటి నవలలో పాలు పోసే మనిషి ఆమె బేకరీ వెనకాలే శవమై కనిపిస్తాడు. కథ మధ్యమధ్యలో కుకీలు చేసే విధానాలు కూడా ఉంటాయి, పుస్తకం మూసి పొయ్యి వెలిగించుకోవచ్చు. వీటన్నిటికీ పెద్దమ్మ మాత్రం అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్. 1930లో నవలలోకి వచ్చిన ఆ ముసలామెకు తెలిసింది ఒక్కటే, తన పల్లె. ఎక్కడ ఏ నేరం జరిగినా, మా ఊళ్లో ఫలానా పనిపిల్ల ఇలాగే చేసింది అని పోల్చుకుంటూ పోయి దొంగను పట్టేస్తుంది.

మనకూ డిటెక్టివ్ నవలలు తక్కువేం కాదు. బెంగాలీ నుంచి వచ్చిన అపరాధ పరిశోధన కథలతో మొదలై, కొమ్మూరి సాంబశివరావు చేతిలో అవి ఊరూరికీ చేరాయి. వేసవి సెలవుల్లో నేను అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో సగం ఆయన డిటెక్టివ్ యుగంధర్‌వే. అసిస్టెంట్ రాజు పక్కన ఉంటే యుగంధర్‌కు భయం లేదు, మాకూ భయం లేదు. ఆ నవలలు లేకపోతే నేను చదవడమే అలవాటు చేసుకునేదాన్ని కాదు, ఆ రుణం తీరదు. అయితే యుగంధర్‌కు కారుంది, ఫోనుంది, ఆయన నగరం మనిషి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల నుంచి జంధ్యాల 1986లో తీసిన ‘చంటబ్బాయ్’లో నవ్వించే డిటెక్టివ్ వచ్చాడు. 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ నెల్లూరులో బోర్డు పెట్టుకున్నాడు, డిటెక్టివ్ చిన్న ఊరికి దిగినందుకు నేను ఎంతో సంతోషించాను. వీళ్లందరూ డిటెక్టివ్ అనిపించుకోవాలని కోరి వచ్చినవాళ్లు. ఆ కోరిక లేకుండా, తన పని తాను చేసుకుంటూనే మనుషుల్ని గమనించే మనిషి నాకు మన నవలల్లో పెద్దగా ఎదురుకాలేదు. మా గల్లీ బేకరీ పెద్దాయన లాంటి మనిషి.

మరి వికారాబాద్ ఉండగా తాండూరు ఎందుకంటే, తాండూరులో దుమ్ముంది.

వికారాబాద్ జంక్షన్‌లో బీదర్ లైను ఒక పక్కకు చీలిపోతుంది. వాడీ వైపు పోయే బండి ధారూర్ దాటి, సుమారు 40 కిలోమీటర్లు పోయాక తాండూరులో ఆగుతుంది. ఇంకొంచెం పోతే కర్ణాటక. దిగీదిగగానే చెప్పుల కింద మెత్తగా తగులుతుంది ఆ పొడి. నేల కిందంతా సున్నపురాయి. గనుల్లో పలకలు పలకలుగా లేపి, యూనిట్లలో కోసి, పాలిష్ పట్టి పంపుతారు. మనలో చాలామంది ఇళ్లలో అరుగుల మీదా వంటింట్లోనూ పరిచిన నాపరాళ్లు ఆ బండలే. అదే రాయి సిమెంటుకూ పనికొస్తుంది. దాని మీద పరుచుకున్న నల్లరేగడిలో పండే కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు పప్పు తొందరగా ఉడుకుతుందని, తెల్లారినా పాడవదని మా అమ్మ ఆ గుర్తింపు రాకముందు నుంచే చెప్పేది. కాబట్టి ఊళ్లో ఒక పక్క రాతిపొడి, ఒక పక్క పప్పు మిల్లుల పొట్టు, బజారు మధ్యలో మైదా పిండి. మనిషి చొక్కా చూసి ఏ పనిలో ఉన్నాడో చెప్పొచ్చు. హత్య నవల రాసేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

నా కథలో చనిపోయేది పప్పు మిల్లులో లెక్కలు రాసే గుమాస్తా. ఆయన చొక్కా భుజం మీద తెల్లని చెయ్యి అచ్చు ఒకటి ఉంటుంది. బేకరీ మాస్టర్‌తో ఆయనకు అంతకుముందే గొడవ. అది మైదా చెయ్యే అని ఊరు తీర్మానం చేసేస్తుంది. మర్నాటి నుంచి ఆ మాస్టర్ పిసికిన పిండితో చేసిన బ్రెడ్డు కొనడానికి జనం వెనకాడతారు. పోలీసులు మాస్టర్‌ను పిలిపిస్తారు. అక్కకు మాత్రం ఆ తెలుపు మైదా తెలుపులా అనిపించదు.

అనిపించడం వేరు, రుజువు చేయడం వేరు. రుజువు బేకరీలోనే దొరకాలని నా పట్టు. ల్యాబ్ రిపోర్టు వచ్చి చిక్కు విప్పితే ఇక అక్క ఎందుకు? అందుకని మొన్న ఆదివారం మూడు స్టీలు సాసర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒకదాంట్లో మైదా, ఒకదాంట్లో వంటసోడా, మూడోదాంట్లో తాండూరులో పాలిషింగ్ యూనిట్ బయట ఎండిన గుట్ట నుంచి పొట్లం కట్టి తెచ్చుకున్న రాతిపొడి. మూడింటి మీదా నిమ్మకాయ పిండాను. మైదా రసం పీల్చుకుని ముద్ద కట్టింది, ఉలుకూ పలుకూ లేదు. సోడా బుస్సుమని పొంగి చల్లారిపోయింది. రాతిపొడి ముందు ఏమీ చేయలేదు. వంగి చూస్తే అంచుల్లో ఆవగింజ కన్నా చిన్న బుడగలు, ఒకదాని వెనక ఒకటి. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నని చిటపట. సున్నపురాయి పులుపుకు అలా స్పందిస్తుందని బడిలో చదువుకున్నదే. కానీ ఆ శబ్దం విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. అక్క ఆ సాసరు చెవి దగ్గర పెట్టుకునే పేరా అదే రాత్రి రాశాను.

ఇక్కడే ఒక లొసుగు ఉంది. సోడా కూడా పొంగుతుంది, సోడా కూడా బేకరీలో ఉండేదే. మాస్టర్ చేతికి సోడా అంటుకుని ఉండొచ్చు కదా అని చదివేవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. దానికి నీళ్ల గ్లాసు. సోడా కరిగి మాయమవుతుంది. రాతిపొడి బూడిదరంగు మడ్డిలా అడుగున కూర్చుంటుంది. రెండు పరీక్షలూ కలిస్తేనే జవాబు. ఇవన్నీ పాఠకుల కళ్లముందే జరగాలి, అక్క చూసిందల్లా వాళ్లూ చూడాలి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే పాదిరీ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. దొరికిన ఆధారాన్ని పాఠకుల దగ్గర దాచకూడదన్నది అందులో ఒకటి. ఎవరికీ తెలియని విషాలు వాడకూడదన్నది ఇంకొకటి. క్రిస్టీకి ఈ రెండో నియమంతో ఇబ్బందే లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన మనిషి, ఏ సీసాలో ఏముందో చేతికి అలవాటు. నాకు ఆ చదువు లేదు. నాకు తెలిసింది టోస్టు, బన్ను, రాతిపొడి. తెలిసినదానితోనే చంపాలి, తెలిసినదానితోనే పట్టుకోవాలి.

నా దృష్టిలో ఈ ఆధారం గొప్పతనం ఇంకొకటి. ఇది హంతకుణ్ని పట్టించదు. తాండూరులో సగంమంది చేతులకు ఆ పొడి ఉంటుంది. ఇది మాస్టర్‌ను విడిపిస్తుంది, అంతవరకే. నేరస్తుణ్ని చూపించే ఆధారం కన్నా నేరం చేయనివాణ్ని వదిలించే ఆధారమంటే నాకు ఎక్కువ ప్రేమ. చిన్న ఊళ్లో అనుమానం పడితే చాలు, మనిషి సగం చచ్చినట్టే. కోర్టు వదిలేసినా బజారు వదలదు. అక్క పరిశోధనకు దిగేది హంతకుడి మీద కోపంతో కాదు, తన మాస్టర్ రేపు పొద్దున మళ్లీ భట్టీ ముందు నిలబడాలని.

కోజీ నవలల మీద ఒక ఆరోపణ ఉంది. చావును చాయ్‌లో బిస్కెట్టంత తేలిక చేస్తాయని. చాలావాటి విషయంలో అది నిజమే. శవం మొదటి పేజీలో పడుతుంది, రెండో పేజీ నుంచి అందరూ హుషారుగా ఉంటారు, పోయిన మనిషిని ఎవరూ తలుచుకోరు. అది నాకు సహించదు. అందుకే నా నవల శవంతో మొదలవదు, కేకుతో మొదలవుతుంది. గుమాస్తా తన కూతురి పుట్టినరోజుకు కిలో కేకు చెప్పి, సగం డబ్బులిచ్చి, సాయంత్రం ఆరింటికి వస్తానంటాడు. మాస్టర్ గులాబీరంగు క్రీముతో పిల్ల పేరు రాస్తాడు. డబ్బాలో ఎనిమిది అంకె కొవ్వొత్తి, ప్లాస్టిక్ కత్తి పెట్టి, పైన వేలాడే కండె నుంచి దారం లాగి అక్క ముడి వేస్తుంది. ఆరు దాటుతుంది, ఎనిమిదవుతుంది. పఫ్‌లు అయిపోతాయి, చివరి బండి కూత వినిపిస్తుంది. డబ్బా గల్లా పక్కనే ఉంటుంది. పిల్ల పుట్టినరోజు కేకు మరిచిపోయే తండ్రి కాదు ఆయన. పది గంటలకు అక్క దుకాణం షట్టరు దించి, డబ్బా చేతిలో పట్టుకుని వాళ్లింటి దారి పడుతుంది. తలుపు తీసింది ఆ పిల్లే. అక్క వెనకాల ఎవరున్నారోనని పక్కనుంచి తొంగి చూస్తుంది.

ఆ అధ్యాయం పదకొండుసార్లు తిరగరాశాను. పిల్ల ఏడవకూడదు. డబ్బా చూసి నవ్వాలి. అది కుదరడానికి ఆర్నెల్లు పట్టింది.

ఇక మిగిలింది చివరి అధ్యాయం. ఇన్ని కోజీలు చదివినా దీనికి దారి చూపించింది ఒక్కటీ లేదు. హంతకుడు దొరుకుతాడు, పోలీసులు తీసుకుపోతారు, అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని మళ్లీ కేకులు తింటారు, పుస్తకం అయిపోతుంది. తాండూరులో అలా అయిపోదు. హంతకుడికి ఒక తల్లి ఉంటుంది. ఆమె ఇరవై ఏళ్లుగా అదే బేకరీకి వస్తున్న మనిషి. కొడుక్కు ఖారీ అంటే ఇష్టమని వారంవారం అరకిలో కట్టించుకుపోయేది. కొడుకును పట్టిచ్చింది అక్క అని ఊరందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఊళ్లో ఇంకో రెండు బేకరీలున్నా ఆమె కాళ్లకు తెలిసిన దారి ఇదొక్కటే. ఆమెను రానివ్వకుండా నవల ముగించవచ్చు. రెండు వారాలు అలా ముగించే చూశాను, రాత్రి నిద్రపట్టలేదు.

కాబట్టి వస్తుంది. తొమ్మిదో రోజు పొద్దున, జనం లేని వేళ చూసుకుని వస్తుంది. గల్లా ముందు నిలబడి కొంగు ముడి విప్పి చిల్లర తీస్తుంది. అక్క చెయ్యి అలవాటుగా ఖారీ డబ్బా మీదికి పోతుంది.

“బ్రెడ్డియ్యి బిడ్డా, చిన్నది.”

అక్క బ్రెడ్డు తీసి, కాగితంలో చుట్టి, దారం లాగి ముడి వేస్తుంది. ఎవరికని అడగదు.