కొండరాయి, నల్లసిరా

కొండపల్లి శేషగిరిరావు (1924–2012) అనగానే తెలుగుతల్లి చిత్రం, పురాణ ఘట్టాలు గుర్తొస్తాయి. లక్డీకాపూల్ పక్కనే మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న ఫైన్ ఆర్ట్స్ కాలేజీ వాళ్లకైతే ఆయన గురువుగా తెలుసు. ఆయన వేసిన హైదరాబాద్ బండరాళ్లకు మాత్రం అంత పేరు రాలేదు. అసలు సాహసం వాటిలోనే ఉందని నా వాదన. ఆయన నైరూప్య చిత్రకారుడు కాదు. అయినా ఆ రాళ్ల దగ్గర పోలిక వెనక్కి తగ్గి బరువు, గీత ముందుకొస్తాయి. నైరూప్యానికి గుమ్మం అదే.

జపాన్ నుంచి మన చిత్రకళకు రెండు వేర్వేరు సంగతులు అందాయి. వాటిని ఒకే గాట కట్టడం వల్లే చిక్కంతా వస్తోంది. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చినప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ అందుకున్నది వాష్ పద్ధతి. రంగు పూయడం, కాగితాన్ని తడపడం, మళ్లీ పూయడం. గీత ఆ మసకలో కరిగిపోతుంది. రెండోది లిపికళ నేర్పే కుంచెపట్టు. 1924లో రవీంద్రుడి వెంట చైనా, జపాన్ చూసొచ్చిన నందలాల్ బోస్ దానిమీద మనసు పెట్టారు. శాంతినికేతన్‌లో శేషగిరిరావు ఆయన దగ్గరే చదివారు.

ఈ కుంచెపట్టుకు కావలసిన సామగ్రి కొంచెమే, షరతులు మాత్రం కఠినం. మసిని జిగురుతో కలిపి ఎండబెట్టిన సిరాకడ్డీని రాతిపలక మీద నీళ్లతో అరగదీస్తారు. కాగితం సిరాను వెంటనే పీల్చేస్తుంది కాబట్టి చెరిపి దిద్దుకునే వీలు లేదు. గీతను ఎక్కడ ఆపాలి, ఎక్కడ విదిలించాలి, ఎక్కడ సాగదీసి వదలాలి అన్నది ఏళ్ల తరబడి అక్షరాలు రాస్తూ చేతికి పట్టించుకోవాలి. వేగంగా రాసే సోషో లిపిలో అక్షరం విడిభాగాలు కలిసిపోయి కదలికే మిగులుతుంది. 1495లో జపాన్ చిత్రకారుడు సెష్షూ వేసిన చిమ్మినసిరా కొండలదీ అదే దారి. హైదరాబాద్ బండల గ్రానైట్‌కు ఈ పద్ధతి అద్భుతంగా సరిపోతుంది. దాదాపు ఆరిపోయిన కుంచెను ఈడిస్తే రాతి గరుకుదనం వస్తుంది, తడికుంచె వానచారికనిస్తుంది, వదిలేసిన కాగితమే ఎండ అవుతుంది.

ఇది ఎరువు తెచ్చుకున్న కళ అనేవారున్నారు. కానీ కలం నడకను కళగా చూడటం ఈ నగరానికి కొత్త కాదు: కుతుబ్‌షాహీ సమాధుల శాసనాలు, ఛత్తాబజార్ ఉర్దూ కాతిబుల (చేతిరాత లేఖకుల) పనితనం చూడండి. పోలిక లేనప్పుడు మంచిచెడ్డలు ఎలా తేలతాయన్న ప్రశ్న ఇంకా గట్టిది. తేలతాయి. తటపటాయించిన చోట సిరా చెమ్మ పాకి మరక కడుతుంది; తెలియని చెయ్యి వెంటనే దొరికిపోతుంది. వాష్ చిత్రాల్లో చాలావరకు మసక భావుకతే ఉందన్న విమర్శను మాత్రం నేనూ ఒప్పుకుంటాను. 250 కోట్ల ఏళ్లనాటి దక్కన్ రాయి ఆ మసకకు లొంగదు. శేషగిరిరావును అందులోంచి బయట పడేసింది ఈ రాళ్లేనేమో.

లక్డీకాపూల్ దాపున నౌబత్ పహాడ్ మొదలు బంజారాహిల్స్ దాకా బండలు ఇళ్ల కింద పోతున్నప్పుడు ఫొటోలే మేలు కదా అనవచ్చు. ఏ రాయి ఎక్కడుండేదో తెలియడానికి ఫొటో చాలు. ఒక బండ మీద ఇంకో బండ ఏ ఆధారంతో నిలబడిందో, ఆ బరువు ఎటు ఒరిగిందో సిరాగీతలోనే తెలుస్తుంది.