కప్పు కింద నిలిచిన వంతెన

అమెరికా ఈశాన్యంలో వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల నడుమ కనెటికట్ నది పారుతుంది. దాని ఒడ్డుల మీది విండ్సర్, కార్నిష్ ఊళ్లను కలుపుతూ 1796లో వంతెన వేశారు. 1824లో ఒకటి, ఆ తర్వాత మరొకటి కట్టాల్సి వచ్చింది. వరదలు ఏదీ మిగల్చలేదు. 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ 9,000 డాలర్లతో కట్టిన నాలుగోది మాత్రం నిలిచింది. దాదాపు 450 అడుగుల ఆ చెక్క వంతెన మీద ఈనాటికీ కార్లు పోతున్నాయి.

దానికి ఇంటికి ఉన్నట్టే పైకప్పు, పక్క గోడలు ఉంటాయి. మనుషులు తడవకుండా అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ కప్పు దూలాల కోసం. చెక్క ముందు చెడేది అతుకుల దగ్గరే. అక్కడ వాన నీరు దిగి ఆరకపోతే బూజు పట్టి లోపల్లోపలే పుచ్చిపోతుంది. పొడిగా ఉంచితే అదే చెక్క తరాలపాటు బరువు మోస్తుంది. 1805లో ఫిలడెల్ఫియాలో తిమోతీ పామర్ కట్టిన వంతెనకు కప్పు వేయించినవాడు రిచర్డ్ పీటర్స్ అనే న్యాయమూర్తి. ఆ సలహా ఎన్ని వంతెనలకు ఆయుష్షు పోసిందో!

గోడల పలకల వెనక దాగి ఉన్నదే అసలు పనితనం. ఇథియల్ టౌన్ అనే వాస్తుశిల్పి 1820లో ఆ చెక్క అల్లికకు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వంతెనంటే భారీ దూలాలు, వాటిని అతికే ఆరితేరిన వడ్రంగులు కావాలి. టౌన్ మామూలు పలకలనే ఏటవాలుగా, తడక అల్లినట్టు ఒకదాని మీదొకటి అడ్డంగా పేర్చి, అవి కలిసిన ప్రతిచోటా బరమాతో తొలిచి ఓక్ చీలలు దిగగొట్టమన్నాడు. ఒక పలక బలహీనపడితే దాని భారం పక్కవాటికి సర్దుకుంటుంది. ఊళ్లో దొరికే కలప, ఊళ్లో ఉన్న పనివాళ్లు చాలు. ఈ వంతెనల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. టాస్కర్ దీన్ని ఇంకా గట్టిపరిచాడు: పలకలకు బదులు నలుచదరపు దూలాలు వాడి, కలిసే చోట గాడి కోసి ఒకదానిలో ఒకటి ఇమిడ్చాడు.

గుర్రాలను పరుగెత్తించకుండా నడిపించండి, లేకుంటే రెండు డాలర్ల జరిమానా అని టాస్కర్, ఫ్లెచర్ల వంతెన మొగదల బోర్డు ఉంటుంది. శీతకాలంలో కప్పున్న వంతెనల లోపలికి మంచు ఎత్తి పోసేవారు, స్లెడ్జి బండ్లు జారడానికి.

విండ్సర్-కార్నిష్ వంతెనకు 1989లో పూర్తయిన మరమ్మతులో కింది దూలాల స్థానంలో పొరలుగా జిగురుతో అతికిన కలప వాడారు. పాత పద్ధతి తప్పారని నొచ్చుకున్నవాళ్లున్నారు. వారి బాధలో న్యాయముంది. అయినా బరువు ఈనాటికీ ఆ చెక్క అల్లికే మోస్తోందంటే, నా మటుకు అది మంచి మరమ్మతే. వెర్మాంట్‌లోనే బార్టన్స్‌విల్‌లో 1870 నాటి వంతెనను 2011లో ఐరీన్ తుపాను వరద ఊడ్చుకుపోయింది. రెండేళ్లలోపే అక్కడ మళ్లీ టౌన్ అల్లికతోనే, కప్పుతో సహా, చెక్క వంతెన లేచింది.