కోయి కొలనుకు కుంపటి

మన చెరువుల్లో పెరిగే బంగారు తీగకు దగ్గరి చుట్టం జపాన్ కోయి చేప. నీగాటా ప్రాంతంలోని యమకోషి కొండల్లో వరి రైతులు తిండికోసం పెంచుకున్న చేపల్లో, రంగు మచ్చలతో పుట్టినవాటిని ఏరి జతకట్టి, 19వ శతాబ్దంలో ఈ రంగుల రకాలకు రూపమిచ్చారు. 1914లో టోక్యో ప్రదర్శనకు వెళ్లాకే వీటి అందం బయటి లోకానికి తెలిసింది. యమకోషిలో మంచు మీటర్ల ఎత్తున పడుతుంది. అందుకే అక్కడి రైతులు ఏటా అక్టోబరులో కొండ చెరువుల్లో వలవేసి, కోయిలను లోపలి తొట్లకు చేరుస్తారు. చేపను చలికాలం గట్టెక్కించడం మొదటినుంచీ ఈ విద్యలో సగం. ఇప్పుడు చికాగో, టొరంటో శివార్లలో పెరట్లో కొలను తవ్వుకున్నవారు సొంతంగా హీటరు కట్టుకోవడం కూడా ఆ విద్యకు కొనసాగింపే. ఆ ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందు చలి ఏం చేస్తుందో తెలియాలి. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అందువల్ల పైన గడ్డకట్టినా, తగినంత లోతున్న కొలనులో అడుగునీరు ఆ 4 డిగ్రీల చుట్టూ నిలుస్తుంది. కోయి అక్కడికి చేరి దాదాపు కదలకుండా ఉండిపోతుంది. నీరు 10 డిగ్రీల కిందికి దిగితే మేత వేయడం ఆపేయాలి, అరగదు. ఆ చలిని చేప ఓర్చుకుంటుంది. ప్రాణం తీసేది పైన పడే మంచు మూత. అడుగున కుళ్లే ఆకులు ఆక్సిజన్‌ను మింగుతాయి, విషవాయువులు బయటికి పోయే దారి ఉండదు. కొల్లేరు రైతులు మబ్బు పట్టిన తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చూసి ఏరేటర్ల దగ్గరికి పరుగెత్తుతారు. మంచు కింది చేపకు పైకి తేలే దారి కూడా లేదు. కాబట్టి హీటరు చేయాల్సిన పని ఒక్కటే: మంచులో ఒక కంత మూసుకుపోకుండా కాపాడటం.

ఈ సంగతి తెలియక కొలనంతా కాచాలనుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతున్న కొలనులో 7,200 లీటర్లు పడతాయి. ఆ నీటిని ఒక్క డిగ్రీ పెంచడానికి 8 యూనిట్లకు పైగా కరెంటు కావాలి, పది డిగ్రీలకు 84 యూనిట్లు. పైకప్పు లేని కొలనులో ఆ వేడి రాత్రంతా ఆకాశంలోకి పోతూనే ఉంటుంది. కంత ఒక్కటే కాపాడాలంటే 100 వాట్ల అక్వేరియం హీటరు చాలాచోట్ల సరిపోతుంది, అదీ రోజంతా వెలిగితే 2.4 యూనిట్లు.

కట్టే తీరు చూడండి. రెండంగుళాల మందం థర్మాకోల్ పలకను రెండడుగుల వెడల్పున గుండ్రంగా కోసి, మధ్యలో ప్లాస్టిక్ బకెట్ పట్టేంత రంధ్రం చేయాలి. బకెట్‌ను బోర్లించి, మూతి నీళ్లలో ఓ జానెడు మునిగేలా అందులో దిగేయాలి. పైకి కనబడే భాగానికి కూడా థర్మాకోల్ చుట్టాలి. బకెట్ అడుగు ఇప్పుడు పైన ఉంటుంది కదా, దానికి వేలు దూరే బెజ్జం పెట్టి పొట్టి గొట్టం బిగిస్తే వాయువులు బయటికి పోతాయి. హీటరును బెజ్జాలున్న పీవీసీ గొట్టంలో ఉంచి, ఎప్పుడూ పూర్తిగా మునిగే ఉండేలా బకెట్ లోపల వేలాడదీయాలి. నీళ్లలోంచి బయటపడితే గాజు పగులుతుంది. వేడినీరు తేలికై పైకి లేచి బకెట్‌లోనే నిలుస్తుంది. గాలి సున్నా డిగ్రీలకు చేరువైతే వెలిగి, కాస్త వెచ్చబడగానే ఆగిపోయే థర్మోస్టాట్ ప్లగ్ జతచేస్తే కరెంటు ఇంకా ఆదా అవుతుంది.

పక్కనే చిన్న ఎయిర్ పంపు పెడితే మంచిది. బుడగలొచ్చే రాయిని మాత్రం అడుగున పెట్టకూడదు. అది అడుగునీటిని పైకి తిరగేసి, చేపలు దాచుకున్న ఆ 4 డిగ్రీలనూ చల్లార్చేస్తుంది. రాయి పైపొరల్లోనే వేలాడాలి.

కరెంటు వద్దనుకునేవారికి ఎండ ఉంది. గాజు మూత పెట్టెలో నల్ల పైపు చుట్టలు అమర్చి, పెట్టె కొలనుకన్నా వేడిగా ఉన్నప్పుడే పంపు తిరిగేలా చూడాలి. రాత్రి తిరిగితే ఆ చుట్టలే కొలనును చల్లబరుస్తాయి. పంపు ఆగగానే పైపులోని నీరు వెనక్కి దిగిపోవాలి, లేదంటే గడ్డకట్టి పైపు పగులుతుంది. కట్టెల పొయ్యిలో గొట్టపు చుట్ట పెట్టేవారు రాగిని వదిలేయాలి. రాగి నీళ్లలో కరిగి చేపకు విషమవుతుంది, స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. పంపు ఆగితే చుట్టలో ఆవిరి పుడుతుంది కాబట్టి, అది పోయేలా ఒక కొస ఎప్పుడూ తెరిచి ఉండాలి.

అన్నిటికన్నా సులువైన వేడి భూమిలోనే ఉంది. యమకోషి ఇప్పుడు భాగమైన నాగావోకా నగరంలో రోడ్ల మీది మంచును కరిగించడానికి భూగర్భ జలాన్ని చిమ్ముతారు. అది నడి చలికాలంలోనూ గడ్డకట్టే చలికి చాలా పైనే ఉంటుంది. బోరు ఉన్నవారు సన్నటి ధార కొలనులోకి వదిలినా కంత నిలుస్తుంది. భూమిలోంచి వచ్చే నీటిలో ఆక్సిజన్ తక్కువ గనుక, రాళ్ల మీదుగా దూకి పడేలా వదలాలి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. నీటి దగ్గరి కరెంటు లైనుకు కొద్దిపాటి లీకేజీకే తెగిపోయే బ్రేకర్ ఉండాలి. కంత మూసుకుపోతే మంచును సుత్తితో కొట్టకూడదు, ఆ అదురు నీటిగుండా చేపలకు తగులుతుంది. మరిగే నీళ్ల గిన్నెను మంచు మీద ఉంచితే అదే కరిగి దారిస్తుంది.

ఇంట్లో చేసుకున్న హీటరు విలువ దాని వాట్లలో లేదు. కట్టేటప్పుడు మనిషి తన కొలను లోతు కొలుస్తాడు, రాలిన ఆకులు ముందే తీసేస్తాడు, వేడి ఎటు పోతోందో కనిపెడతాడు. పాతికేళ్లకు పైగా బతకగల చేపను పెంచుకునేవారికి ఆ ఎరుకే ఆస్తి. మంచు తుఫానులో కరెంటు పోయిన రాత్రి కొన్న హీటరూ, కట్టిన హీటరూ రెండూ ఆగిపోతాయి. అప్పుడు చేపల్ని కాపాడేది ఆ లోతు, ఆ శుభ్రత, ఆ థర్మాకోల్ మూత. వాటిని అక్టోబరులోపే సిద్ధం చేసుకోండి, హీటరు సంగతి ఆ తర్వాత.