మూడు శ్రుతిలో ఫ్రిజియన్

హార్మోనియం మీద మూడు శ్రుతిని షడ్జంగా పట్టుకుని, నల్లమెట్లు ముట్టకుండా తెల్లమెట్ల మీదే తారషడ్జం దాకా వెళితే వచ్చేదాన్ని పాశ్చాత్య సంగీతంలో ఫ్రిజియన్ అంటారు. మన లెక్కలో అది ఎనిమిదో మేళకర్త, హనుమతోడి. హిందుస్థానీలో భైరవి థాట్ స్వరాలూ ఇవే. ఏలూరు, తాడేపల్లిగూడెం పద్యనాటకాల వేదికల పక్కనైనా, కొల్లేటి లంకల భజనల్లోనైనా హార్మోనియం దొరుకుతుంది కనుక దీన్ని సరిచూసుకోవడం తేలికే. శంకరాభరణం స్వరాలను గాంధారం నుంచి మొదలుపెట్టినా ఇదే వస్తుంది. విద్వాంసులు దాన్ని గ్రహభేదం అంటారు.

ఫ్రిజియా ఇప్పటి టర్కీ పీఠభూమిలో ఒకప్పుడున్న రాజ్యం. రాజధాని గోర్డియన్. ముట్టుకున్నదల్లా బంగారమయ్యే కథలోని మిడాస్ పేరుతో క్రీ.పూ. 8వ శతాబ్దిలో నిజంగానే ఒక రాజు అక్కడ ఏలాడు. సన్నాయిలా పీకతో ఊదే ఆలోస్ వాద్యాన్నీ, ఒక రకమైన పాటనూ గ్రీకులు ఆ దేశంతో ముడిపెట్టారు. ప్లేటో తన ఆదర్శ రాజ్యంలో ఉండనిచ్చిన రెండు బాణీల్లో ఫ్రిజియన్ ఒకటి. అది ఉద్రేకం రేపుతుందని, గురువు దాన్ని ఉంచడం సరికాదని అరిస్టాటిల్ తప్పుపట్టాడు.

అయితే వాళ్లు వాదించుకున్నది హనుమతోడి గురించి కాదు. గ్రీకుల ఫ్రిజియన్ స్వరక్రమం మన ఖరహరప్రియకు దగ్గరది. 9, 10 శతాబ్దుల్లో ఐరోపా చర్చి సంగీత శాస్త్రకారులు పాత పేర్లను తారుమారుగా తగిలించారు. ఆ పొరపాటే స్థిరపడింది.

స్వరాలు కలిసినంత మాత్రాన ఫ్రిజియన్ తోడి అయిపోదు. తోడిలో గాంధారం ఒకచోట నిలవదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. పంచమం లేకుండా సాగే సంచారాలూ ఎక్కువే. త్యాగరాజు 'కద్దనువారికి' కృతిలో ఆ ఊపు తీసేస్తే మిగిలేది మెట్ల వరస. మెట్టు నొక్కితే ఒకే స్వరం పలికే హార్మోనియానికి ఆ గమకం అందదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా ఆ వాద్యాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. పద్యం పాడే నటుడికి శ్రుతి అందించడంలో దానికి సాటి లేదన్నది వేరే సంగతి. ఫ్రిజియన్ లెక్క తెలుసుకోవడానికి హార్మోనియం చాలు. తోడి వినాలంటే మాత్రం నాగస్వరమో గాత్రమో వినండి.