మోడ్ మేళమా, జాతియా? – గ్రెగోరియన్ గానంలోని అష్టవిధ మోడ్‌ల పరిశీలన

ప్రాచీన చర్చి సంగీతంలోని మోడ్‌లను తెలుగులో పరిచయం చేయడానికి సులభమైన మార్గం మేళకర్తలతో పోల్చడం. డోరియన్ ఖరహరప్రియ, ఫ్రిజియన్ హనుమతోడి, మిక్సోలిడియన్ హరికాంభోజి. స్వరస్థానాల మేరకు ఈ పోలిక సరైనదే. అయితే మధ్యయుగ గాయకులు దేనిని మోడ్ అన్నారో అది ఈ పోలికలో జారిపోతుంది.

మొదటి మోడ్‌ను, ఎనిమిదో మోడ్‌ను పక్కపక్కన ఉంచి చూడాలి. రెండింటి సంచారమూ స్థూలంగా ‘డి’ నుండి పై ‘డి’ వరకే, స్వరాలూ అవే. కాని మొదటిది ‘డి’ మీద ముగుస్తుంది, దాని పఠనస్వరం ‘ఎ’. ఎనిమిదోది ‘జి’ మీద ముగుస్తుంది, పఠనస్వరం ‘సి’. మొదటి దానిలో గానం ముగింపు స్వరానికి పైన విస్తరిస్తే, రెండో దానిలో దానికి ఇరువైపులా తిరుగుతుంది. అట్టడుగు స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే రెండూ ఖరహరప్రియలే అవుతాయి. ముగింపు స్వరాన్నే షడ్జమం చేస్తే ఎనిమిదోది హరికాంభోజి అవుతుంది నిజమే, కాని అప్పుడు ఏడో మోడూ హరికాంభోజే. ఎటు తిప్పినా ఒక జంట కలిసిపోక తప్పదు.

దీనికి దగ్గరి భావన మేళంలో కాక నాట్యశాస్త్రంలోని జాతిలో ఉంది. ముగింపు స్వరం న్యాసానికి, సంచార పరిధి మంద్ర తారాలకు చక్కగా సరిపోతాయి. పఠనస్వరాన్ని అంశస్వరమనడానికి మాత్రం కొంత సంకోచించాలి. అంశం గానమంతటినీ ఏలుతుంది, పఠనస్వరం ప్రధానంగా కీర్తనల గ్రంథ పఠనంలో వాక్యాన్ని మోసే స్వరం. ఒకే ఆరోహణావరోహణలు గల ఆరభి, దేవగాంధారి వేర్వేరు రాగాలని అంగీకరించే మనకు ఈ భేదం కొత్తది కాకూడదు.

పఠనస్వరాల అమరికలోనూ ఇలాంటి వివేకమే కనిపిస్తుంది. ముఖ్య మోడ్‌లలో అది ముగింపు స్వరానికి పంచమం. ఆ లెక్కన మూడో మోడ్‌కు ‘బి’ రావాలి. నిలకడలేని ఆ స్వరాన్ని వదలి ‘సి’ని తీసుకున్నారు. ఐదో మోడ్ గానాలు అనేకం ‘బి’ని కోమలం చేస్తాయి, అప్పుడు లిడియన్ కల్యాణి కాక శంకరాభరణమవుతుంది. (డోరియన్ మొదలైన గ్రీకు పేర్లు కూడా పొరపాటుగా అతికినవే. గ్రీకుల డోరియన్ ‘ఇ’ మీదిది.)

ఇక్కడ లక్ష్యమే ముందు, లక్షణం తరువాత. బైజాంటియం నుండి ఎనిమిది విభాగాలను గ్రహించిన ఫ్రాంకిష్ పండితులు అప్పటికే నోటనున్న గానాలను 8, 9 శతాబ్దాలలో ఆ చట్రంలో సర్దారు. 1547లో గ్లారియానస్ ‘డోడెకాకోర్డన్’లో మోడ్‌లను 12కు పెంచాడు. అన్నీ ఒదగలేదు. రెండు పఠనస్వరాలున్న ఒక పఠన పద్ధతిని ఎనిమిదింటిలో దేనిలోనూ చేర్చలేక, దానికి ‘టోనస్ పెరెగ్రినస్’, అంటే పరదేశి స్వరరీతి, అని పేరుపెట్టి విడిగా ఉంచారు.