పటం విప్పేవాళ్లను పిలవండి

ఆవిష్కరణంటే ఇప్పుడు మనకు రిబ్బను, కత్తెర, శాలువా. గోడమీద కొత్త బొమ్మ వేసినా అదే తంతు. చేర్యాల చిత్రకారులైన నకాషీలు గుడ్డమీద గీసిన కథల పటాన్ని కథకులు ఊళ్లో విప్పే తీరు తెలిసినవాళ్లకు ఇది చూస్తే నవ్వొస్తుంది. పటాన్ని వేలాడదీసి, ఒక్కో అంకం తెరుస్తూ, కర్రతో బొమ్మ చూపిస్తూ కథ నడుపుతారు. వెడల్పు 3 అడుగులు, పొడవు 40 నుంచి 60 అడుగులు. ఒక్క రాత్రిలో తేలే కథ కాదు. చూసేదెవరు? ఆ కథ ఎవరిదో వాళ్లే. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్తారు. మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ. తన వాళ్ల పుట్టుక తన వాడలోనే రంగుల్లో కనబడటాన్ని మించిన ప్రజాకళ ఏ మహానగరంలో ఉందో చెప్పండి!

చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. నకాషీలు ఎక్కణ్నుంచి, ఎప్పుడొచ్చారన్నది తలో రకంగా చెప్తారు. ఆ లెక్క పండితులకు వదిలేద్దాం, పని సంగతి చూద్దాం.

ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బంక కలిపి పూత వేస్తారు. ఒకటి ఆరాక ఇంకొకటి, అలా మూడు. పూత పలచనైతే గుడ్డ రంగును పీల్చేస్తుంది, మందమైతే చుట్టినప్పుడు పగులుతుంది. ఊరూరా తిరుగుతూ ఏళ్ల తరబడి చుట్టి విప్పే పటానికి ప్రాణమంతా ఆ పూతలోనే ఉంది. ఇక గీత! కుంచె ముంచి నేరుగా గుడ్డమీదే గీసేస్తారు. వెనక ఎరుపు నిండుతుంది. దేవుళ్ల ఒంటికి నీలం, దేవతలకు పసుపు. నగలు, పూల అంచులు అయ్యాక నల్లటి సన్నగీత, అన్నిటికన్నా చివర కళ్లు. జాతీయ పురస్కారాలు అందుకున్న ధనాలకోట చంద్రయ్య, వైకుంఠంల గీత చూడాలి. తలపాగా చుట్టు, భుజమ్మీది గొంగడి చూస్తే చాలు, ఆ మనిషి ఎవరో, ఏం పని చేస్తాడో తెలిసిపోతుంది. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవారికైతే పటం బదులు బొమ్మలే చేసిచ్చారు, పొనికి కర్రతో, రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో. కలంకారీ అభిమానులు కోప్పడితే కోప్పడనీ, కథ నడిపించే సత్తాలో చేర్యాలకు సాటి లేదు.

ఇంత పనితనం ఉండీ ఇప్పుడేమైంది? సినిమా, టీవీ వచ్చాయి, కథకులకు పిలుపులు తగ్గాయి. పొడుగు పటం అడిగేవాడు లేక నకాషీలు అద్దాల చట్రంలో పట్టే చిన్న బొమ్మలకు, ముసుగులకు దిగారు. వాళ్లను తప్పుపట్టను, కడుపు నిండాలి కదా. నా కోపమంతా నకళ్లమీద. ఫ్లైఓవర్ స్తంభాలమీద ఎరుపు పులిమి, ఒకే మొహాన్ని పది ఒళ్లకు అతికించి, చేర్యాల శైలి అంటారు. దుకాణాల్లో ఫ్లెక్సీమీద అచ్చు గుద్దిన 'చేర్యాల' దొరుకుతుంది. భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ ఇది! ఆ గుర్తింపు కాగితం ఏ బీరువాలో ఉందో గానీ, కాంట్రాక్టరు బ్రష్షును మాత్రం ఆపలేదు. చేతిలో విద్య ఉన్న ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మిగిలితే, ఆ పనిని టెండరు పెట్టి అగ్గువకు ఒప్పుకున్నవాడికి ఇవ్వడం ద్రోహం. ఇంకో మాట నాకు లేదు.

మీ ఊళ్లో బడి గోడకో, బస్టాండుకో బొమ్మలు వేయించే పనుంటే ముందు చేర్యాలకు కబురు పంపండి. మీ ఊరి కథ వాళ్లకు చెప్పండి, గీయనివ్వండి, తొందరపెట్టకండి. ఆవిష్కరణకు మంత్రిగారిని పిలిచినా పిలవకపోయినా, కూనపులివారినో డక్కలివారినో మాత్రం తప్పక పిలవండి. వాళ్ల సంభావన ఎంతో ముందే మాట్లాడి, చేతిలో పెట్టండి.