వెనక వచ్చేవాడి దీపం

కారుకున్న లైట్లలో నడిపేవాడి కంటికి నేరుగా ఎప్పుడూ పడనిది బ్రేక్ లైటు. హెడ్‌లైటు పోతే రోడ్డే చెబుతుంది. ఇండికేటర్ బల్బు పోతే టిక్కుటిక్కుమనే చప్పుడు హడావిడిగా మారుతుంది. బ్రేక్ లైటు పోతే మాత్రం మన చిన్న కార్లు చాలావాటిలో ఏ కబురూ అందదు. నెలల తరబడి అలాగే తిరిగేస్తాం. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు ముందు కార్లు బారులు తీరినప్పుడు, పొగమంచు పట్టిన తెల్లవారుజామున హైవే మీద ముందు లారీ హఠాత్తుగా ఆగినప్పుడు, మన వెనకవాడికి ఉన్న ఆధారం ఆ ఎర్రటి వెలుగొక్కటే. దాన్ని సరిగ్గా ఉంచుకోవడం తోటి ప్రయాణికుడికి మనం బాకీపడ్డ మర్యాద అని నా నమ్మకం.

మా పాత ఆల్టోకి ఈ పని నేనే చేసుకుంటాను. నేర్పింది ఆటోనగర్‌లో ఒక వైరింగు మేస్త్రీ. కారు తీసుకెళ్లగానే స్క్రూడ్రైవరు పట్టుకునే మనిషి కాదాయన. "బల్బు తర్వాత చూద్దాం సార్. ఎన్ని వెలుగుతున్నాయి, ఎన్ని వెలగట్లేదు, ముందు అది చెప్పండి" అనేవాడు. సగం రిపేరు ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకవైపుదే పోతే జబ్బు ఆ వైపునే ఉంటుంది: బల్బు, హోల్డరు, లేదా ఎర్త్. వెనక అద్దం దగ్గరి మూడో లైటుతో సహా అన్నీ ఒక్కసారే పోతే డిక్కీ జోలికే వెళ్లనక్కర్లేదు, ఫ్యూజో పెడల్ దగ్గరి స్విచ్చో చూడాలి. కింద రెండూ పోయి పైనది ఒక్కటే వెలుగుతుంటే, చాలాసార్లు ఒక బల్బు ఎప్పుడో పోయి, ఎవరూ చూడక, ఇప్పుడు రెండోదీ పోయిందని అర్థం.

పక్కన మనిషి లేకపోయినా ఇవన్నీ చూసుకోవచ్చు. రాత్రిపూట కారును గోడకు వెనక్కి ఆనించినట్టు నిలిపి బ్రేకు తొక్కితే, గోడ మీద పడే రెండు ఎర్రటి మరకలు అద్దాల్లో కనిపిస్తాయి. విప్పి చూసేటప్పుడు పెడల్‌కూ సీటుకూ మధ్య ఒక కర్ర బిగిస్తే సరి.

బల్బు మార్చడం తేలిక. చాలా చిన్న కార్లలో వెనక ఉండేది 12 వోల్టుల 21/5 వాట్ల బల్బు. ఒకే గాజుబుడ్డిలో రెండు ఫిలమెంట్లు: 5 వాట్లది రాత్రి వెలిగే టెయిల్ లైటుకు, 21 వాట్లది బ్రేకుకు. మెడ మీదున్న రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెట్టకుండా ఆ ఏర్పాటు. బలవంతంగా తిరగేసి తోస్తే టెయిల్ లైటు ధగధగా వెలుగుతుంది, బ్రేకు తొక్కితే గుడ్డిగా వెలుగుతుంది. అనుమానమొస్తే కొత్తది కొనేముందు కుడి బల్బు ఎడమకు, ఎడమది కుడికి మార్చి చూడండి. జబ్బు బల్బుతోపాటు రెండోవైపుకి వెళితే బల్బుది, ఉన్నచోటే ఉంటే హోల్డరుదో వైరుదో.

అసలు విద్య ఎర్త్ దగ్గర ఉంది. బ్రేకు తొక్కితే బ్రేక్ లైటు సరిగా వెలగదు, పక్కనున్న టెయిల్ లైటో ఇండికేటరో మాత్రం గుడ్డిగా మినుకుమంటుంది. బల్బు మారుస్తారు, తగ్గదు. కారణం ఇదీ. కారులో కరెంటు వచ్చేది తీగలోంచి, తిరిగి బ్యాటరీకి చేరేది కారు బాడీ మీదుగా. లైటు వెనకనుంచి వచ్చే ఎర్త్ తీగ, సాధారణంగా నల్లది, బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు కింద తుప్పు పట్టినా, హోల్డరు రేకు మీద పచ్చటి చిలుము పేరుకున్నా తిరుగుదారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు పక్క ఫిలమెంటులోంచి దూరి, వేరే లైటు ఎర్త్ వెతుక్కుని చుట్టు తిరిగి వెళుతుంది. దారిలో ఉన్నవన్నీ అర్ధశక్తితో వెలుగుతాయి. కట్టవేసిన కాలవ నీరు పక్క చేలోంచి దారి చేసుకున్నట్టే.

పరీక్ష చిన్నదే. ఒక తీగ ముక్క తీసుకుని హోల్డరు రేకుకు ఒక కొన, రంగులేని బాడీ ఇనుముకు ఇంకో కొన ఆనించాలి. లైటు టక్కున నిండుగా వెలిగిందంటే దొంగ దొరికినట్టే. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించడమే. వైజాగ్‌లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ జబ్బు ఎక్కువ. లైటు వెనక రబ్బరు సీలు చిరిగి వాన నీరు దిగుతుంటే ముందు ఆ సీలు మార్చాలి, లేదంటే చిలుము మళ్లీ వస్తుంది.

ఇక్కడే మీటరును నమ్మి మోసపోయేవాళ్లు చాలామంది. బల్బు తీసేసి మల్టీమీటరు పెడితే కుళ్లిన జాయింటు కూడా 12 వోల్టులు చక్కగా చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. 21 వాట్ల బల్బుకు ఒకటిన్నర ఆంపియర్లకు పైనే కావాలి. అంత కరెంటు లాగితేనే జాయింటు బండారం బయటపడుతుంది. మేస్త్రీలు ఇప్పటికీ బల్బు, క్లిప్పు, సూది ఉన్న టెస్ట్ ల్యాంపునే చేతిలోకి తీసుకోవడం చాదస్తమేమీ కాదు, అనుభవం. అయితే పసుపు రంగు తొడుగున్న తీగల్లో మాత్రం ఆ సూది గుచ్చొద్దు, అవి ఎయిర్‌బ్యాగువి.

పెడల్ పైన ఉండే స్విచ్చుది ఇంకో కథ. పెడల్ వదిలేసినప్పుడు దాని మీది చిన్న రబ్బరు బుడిపె స్విచ్చు పుల్లను లోపలికి నొక్కి ఉంచుతుంది, లైటు ఆరి ఉంటుంది. తొక్కితే పుల్ల బయటికొచ్చి లైటు వెలుగుతుంది. వేలిగోరంత ఆ బుడిపె ఏళ్ల తరబడి వేడికి ఎండి పెళుసెక్కి పొడైపోతే, పుల్ల పెడల్‌లో ఆ బుడిపె ఉన్న రంధ్రంలోంచి బయటికి దూసుకుపోతుంది. ఇక బ్రేక్ లైట్లు ఆరవు. ఇంజను ఆపి తాళం వేసినా వెలుగుతూనే ఉంటాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి చచ్చి ఊరుకుంటుంది, నింద మాత్రం బ్యాటరీ మీద పడుతుంది. కాళ్ల దగ్గరి మ్యాటు మీద ఆ బుడిపె పెళ్లలు కనిపిస్తే వెంటనే పైకి చూడండి. కొత్త బుడిపె దొరికేదాకా ఆ రంధ్రంలో వెడల్పు తలకాయ ఉన్న చిన్న బోల్టు, నట్టు బిగించి నడిపించవచ్చు. క్లచ్ పెడల్ లేని ఏఎంటీ కార్లలో ఈ స్విచ్చు పాడైతే ఇంజనే స్టార్టు కాకపోవచ్చు, బ్రేకు తొక్కిన సంగతి బండికి తెలియదు మరి.

ఎల్‌ఈడీ బల్బు వేసుకోమనే సలహా కూడా వింటుంటాం. ఫిలమెంటు వేడెక్కి వెలగడానికి పట్టే సెకనులో అయిదో వంతు సమయం ఎల్‌ఈడీకి పట్టదు, నిజమే. 80 కిలోమీటర్ల వేగంలో వెనకవాడికి అది నాలుగు మీటర్ల పైచిలుకు దూరం. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన కారైతే మంచిదే. ఫిలమెంటు కోసం చేసిన లైటులో నాసిరకం తెల్ల ఎల్‌ఈడీ గుచ్చితే ఎరుపు పాలిపోయి, వెలుగు ఒక చుక్కలా పడుతుంది. నల్ల ఫిల్ము అంటించిన టెయిల్ లైట్లు, బ్రేకు తొక్కగానే డిస్కోలా కొట్టుకునే లైట్లు అయితే పీకి పారేయాల్సినవే.

ఈసారి సిగ్నల్ దగ్గర ముందు కారుకు బ్రేక్ లైటు వెలగకపోతే అద్దం దించి ఆ మాట చెప్పండి. "అన్నా, ఎడమ బ్రేక్ లైటు పోయింది" అంటే చాలు. ఆయనకు ఆ సంగతి తెలిసే దారి చాలాసార్లు మనం తప్ప ఇంకొకటి ఉండదు.